గ్రాహ్యమా, గ్రాహకమా?

సందేహం: విద్యార్థుల పత్రిక కోసం కణం మీది రిసెప్టార్ బొమ్మ గీస్తున్నాను. ఎడ్రినలిన్ అనే హార్మోన్‌ను అందుకునే బీటా-2 రిసెప్టార్ అనే ప్రోటీను అది. ‘కణగ్రాహ్య మాంసకృత్తు’ అని శీర్షిక పెడితే, ‘గ్రాహక’ అనాలని ఒక మిత్రుడు సరిదిద్దారు. ఏది ఒప్పు? భాగాలకు ఏ పేర్లు రాయాలి?

సమాధానం: మీ మిత్రుడి మాటే ఒప్పు. గ్రహించేది గ్రాహకం, గ్రహించదగినది గ్రాహ్యం. సాధించేవాడు సాధకుడు, సాధించదగినది సాధ్యం. చదివేవాడు పాఠకుడు, చదవదగినది పాఠ్యం. ఇదీ ఆ వరసే. మీ బొమ్మలో పైనుంచి వచ్చి కూర్చునే ఎడ్రినలిన్ గ్రాహ్యం, దానికి చోటిచ్చే ప్రోటీను గ్రాహకం. మీ శీర్షిక చుట్టం పేరు తెచ్చి ఇంటికి పెట్టింది.

అలాగని ‘కణగ్రాహకం’ అన్నా చిక్కు తీరదు. క్రిమిసంహారకం క్రిములను చంపుతుంది, విద్యుద్వాహకం విద్యుత్తును మోస్తుంది. ఆ అలవాటులో చదివితే కణగ్రాహకం కణాలను పట్టుకునేదవుతుంది. సమాసం విప్పేసి ‘కణత్వచంలోని గ్రాహకం’ అనండి. త్వచమంటే కణాన్ని చుట్టి ఉండే పల్చటి తెర. ‘కణం మీది’ అని మీరు రాసిన మాట కూడా ఇక్కడ చాలదు. 413 ఎమైనో ఆమ్లాల ఈ గొలుసు, గుడ్డలో దారం దిగి తేలినట్టు, త్వచాన్ని ఏడుసార్లు దాటుతుంది. ఏడు బేసి సంఖ్య కదా, అందుకే ఒక కొస కణం బయట, రెండోది లోపల ఉంటాయి. బొమ్మలో రెండు కొసలూ ఒకే వైపు తేలాయంటే ఎక్కడో లెక్క తప్పారన్నమాట. ఇలా త్వచాన్ని ఏడుసార్లు దాటే గ్రాహకాల కుటుంబం మీద చేసిన పరిశోధనకే 2012లో శాస్త్రవేత్తలు లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక మాంసకృత్తు. మాంసాన్ని చేసేది అని దాని అర్థం. కందిపప్పు గురించి రాసేటప్పుడు ముచ్చటైన మాట. కబురు అందుకుని లోపలికి చేరవేసే అణువుకు మాత్రం అతకదు. ‘ప్రోటీను’ అనడానికి మొహమాటపడకండి.

త్వచం బదులు ‘పొర’ అనాలని నాకూ మనసు లాగుతుంది. కానీ ఇక్కడ త్వచమే రెండు పొరల కొవ్వు అణువులతో తయారవుతుంది. ‘పొరలో రెండు పొరలు’ అని రాస్తే పిల్లలు తికమకపడతారు. మొత్తాన్ని త్వచం అని, అందులోని వరసను పొర అని పిలిస్తే సరి. ఆ కొవ్వు అణువులకు తల, తోక అని పాఠాల్లో ఇప్పటికే పేర్లున్నాయి. అందువల్ల ప్రోటీను కొసను ‘తోక’ అనకుండా ఎమైనో కొస, కార్బాక్సిల్ కొస అని విడిగా చూపండి.

త్వచాన్ని దాటే ఏడు ముక్కలకు ‘సర్పిలాలు’ అని రాయవచ్చు. కాకపోతే ఆ మాట వింటే కొందరికి జిలేబీ చుట్టు కళ్లముందు కదులుతుంది. ఇది జిలేబీలా ఒకే తలంలో వెడల్పుకునే చుట్టు కాదు, స్ప్రింగులా నిలువునా సాగే చుట్టు. మొదటిదాని పక్కన ‘స్ప్రింగు వంటి చుట్టు’ అని ఒక్కసారి రాసి, మిగిలినవాటికి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేయండి.

ఎడ్రినలిన్ కూర్చునే చోటును చాలామంది ‘జేబు’ అంటున్నారు. తప్పు కాదు గానీ, నేనైతే ‘తొర్ర’ అంటాను. ఏడు చుట్లు మానుల్లా గుమిగూడి నిలబడితే వాటి నడుమ ఏర్పడిన ఖాళీ అది. బయటివైపుకే తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరును బొమ్మ పైభాగానే రాయండి.