మొదటిది సిజేరియన్.. ఈసారి నార్మల్ అవుతుందా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మొదటి కాన్పు సిజేరియన్, పాపకు మూడేళ్లు. ఇప్పుడు ఏడో నెల. ఈసారి నార్మల్ డెలివరీ కావాలని ఉంది. ముందే వెళ్తే ఆపరేషన్ చేసేస్తారు, నొప్పులు ముదిరాకే ఆసుపత్రికి వెళ్లమంటున్నారు తెలిసినవాళ్లు. పాత కాగితాలు పోయాయి. ఎలాంటి వ్యాయామాలు చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: వ్యాయామాల కంటే ముందు మాట్లాడుకోవాల్సింది నొప్పులు ముదిరేదాకా ఇంట్లో ఉండటం గురించి. దయచేసి ఆ పని చేయకండమ్మా.

గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఒకే కోత ఉండి, వేరే చిక్కులేవీ లేకపోతే, ప్రయత్నించిన నూరుమందిలో 60 నుంచి 80 మందికి మామూలు కాన్పే అవుతుంది. కాబట్టి మీ కోరికలో తప్పు లేదు. కాకపోతే నొప్పుల సమయంలో పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అరుదే గానీ, చిట్లితే నిమిషాల్లో బిడ్డకు ఆక్సిజన్ తగ్గిపోతుంది, తల్లికి లోపల రక్తస్రావం అవుతుంది. చాలాసార్లు తొలి సూచన బిడ్డ గుండె చప్పుడులో తేడాయే. అది మానిటర్ పెడితే తెలుస్తుంది తప్ప ఇంట్లో ఎవరూ కనిపెట్టలేరు. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర బాధ ఆగకపోయినా వెంటనే బయల్దేరండి. నొప్పులు రావాలని ఆముదం తాగడం, ఎవరో చెప్పిన మాత్ర వేసుకోవడం అసలే వద్దు. కొన్ని మాత్రలు పాత కుట్టు చిట్లే ముప్పును పెంచుతాయి.

ఇక కాగితాలు. చర్మం మీద మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోతా అలాగే ఉందనుకోలేం. గర్భసంచి పైభాగం వరకు నిలువు కోత పెట్టి ఉంటే నొప్పుల దాకా ఆగకుండా ముందే ఆపరేషన్ చేస్తాం. పాత ఆసుపత్రిలో రికార్డు ఉండొచ్చు, ఈ వారమే అడగండి. అప్పుడు ఎందుకు కోశారన్నదీ ముఖ్యమే. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని చేసి ఉంటే ఈసారి అవకాశాలు మెరుగ్గా ఉంటాయి. నొప్పులు పడ్డా కాన్పు సాగక చేసి ఉంటే కొంత తగ్గుతాయి. మాయ పాత కుట్టు మీదకు వచ్చిందేమో స్కానింగ్‌లో ప్రత్యేకంగా చూడమనండి.

మీ డాక్టర్ వద్దనకపోతే రోజూ నడవండి, మంచిదే. నార్మల్‌ను ఖాయం చేసే వ్యాయామం మాత్రం లేదు.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పలేను. వచ్చే చెకప్‌లో మీ డాక్టర్‌ను సూటిగా అడగండి: సిజేరియన్ తర్వాత నార్మల్‌కు ఇక్కడ ప్రయత్నిస్తారా? అర్ధరాత్రయినా మత్తు డాక్టర్, రక్తం, థియేటర్ సిద్ధంగా ఉంటాయా? లేవంటే ఇప్పుడే వేరే ఆసుపత్రి చూసుకోండి, తొమ్మిదో నెల వచ్చేదాకా ఆగొద్దు.