కొన్ని చోట్ల ఇసకేస్తే రాలనంత జనం, కొన్ని చోట్ల మనిషే కనపడడు, ఎందుకు?

నేను పుట్టింది అమలాపురం దగ్గర ఒక పల్లెలో, ఆరేళ్ళుగా ఉద్యోగం పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్‌గూర్లీ అనే బంగారు గనుల ఊళ్ళో. అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

మా కోనసీమలో ఒక ఊరు ఎక్కడ అయిపోయి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే గానీ తెలీదు. ఇక్కడ రాష్ట్ర రాజధాని పెర్త్ నుంచి కాల్‌గూర్లీకి దాదాపు 600 కిలోమీటర్లు, సగం దూరం గోధుమ చేలు, సదరన్ క్రాస్ అనే ఊరు దాటాక గంటన్నర పైన డ్రైవ్ చేసినా చెట్లూ ఎర్రమట్టీ తప్ప ఊరనేది తగలదు. ఈ ఒక్క రాష్ట్రమే 25 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లు పదిహేను పడతాయి, జనం చూస్తే 30 లక్షలకి అటూ ఇటూ, వాళ్ళలో కూడా నూటికి 75 మందికి పైగా పెర్త్‌లోనే.

చాలామంది ఎండల వల్ల అంటారు. ఎండలు రెంటచింతలలో లేవా? అసలు సంగతి నీళ్ళూ, మట్టీ. కాల్‌గూర్లీలో ఏడాది మొత్తానికి వాన 260 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు. మట్టి కోట్ల ఏళ్ళ పాతది, సారమంతా ఎప్పుడో కొట్టుకుపోయింది, గోధుమ రైతులు సూపర్ ఫాస్ఫేట్ వెయ్యకపోతే పంట రాదు. మాకేమో గోదారి వరదొచ్చిన ప్రతిసారీ ఒండ్రు తెచ్చి పోసింది, దొడ్లో నుయ్యి తవ్వితే పదిహేను అడుగులకే నీళ్ళు. పైగా వరి. సార్వా, దాళ్వా రెండు పంటలొస్తే ఎకరం మీద ఎంతమంది తింటారో చూడండి, ఆ ఎకరానికి ఊడ్పులకీ కలుపుకీ కోతకీ అంతమంది చేతులూ కావాలి, అలా జనమూ వరీ ఒకదాన్నొకటి పెంచుకుంటూ వచ్చాయి. మనవాళ్ళు ఎక్కువమందిని కంటారు కాబట్టే రద్దీ అనే మాట వింటే నాకు బాధేస్తుంది, కన్నవాళ్ళకి ఆ నేల అన్నం పెట్టింది, అది చెప్పరేం?

అలాగని డెల్టా కూడా ఊరికే ఇలా అవలేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసే దాకా గోదారి పక్కనే ఉన్నా కరువులకి జనం చనిపోయారు.

కాల్‌గూర్లీకీ అలాంటి కథే ఉంది. 1893లో బంగారం దొరికింది, జనం ఎగబడ్డారు, తాగడానికి నీళ్ళు లేవు. ఓకానర్ అనే ఇంజనీర్ పెర్త్ దగ్గర డ్యామ్ నుంచి 530 కిలోమీటర్ల పైపులైన్ వేయించాడు, 1903లో నీళ్ళొచ్చాయి, ఆయన అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. ఇప్పటికీ అది హైవే పక్కనే నేల మీద కనిపిస్తూ పోతుంది. మొదటిసారి కారాపి దాని మీద చెయ్యి పెట్టా, ఎండకి కాలిపోతోంది, మేం రోజూ తాగేది ఇందులోంచి వచ్చే నీళ్ళే కదా అనుకున్నా. కానీ ఆ నీళ్ళు ఇళ్ళకీ గనులకీ సరిపోతాయి, వరి చేలకి చాలవు. అందుకే ఊరు 30 వేల దగ్గరే ఉంది, చుట్టూ ఖాళీ.

ఖాళీ అన్నాను గానీ ఆ మాట సరైంది కాదు. ఇక్కడి మూలవాసులు వేల వేల ఏళ్ళుగా ఈ నేల మీదే బతికారు, ఇది ఎవరిదీ కాదన్న బ్రిటిష్ వాళ్ళ వాదన తప్పని 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చింది. నాతో పనిచేసే ఒకాయన ఆ జాతివాడే, ఒకసారి నన్ను రాతి గుట్ట మీదికి తీసుకెళ్ళి ఒక పలక జరిపాడు, కింద బండలో గుంట, వారాల కిందటి వాన నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. దోసిలితో తాగి, జంతువులు పడకుండా మళ్ళీ పలక మూసేసి వచ్చాం.