వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి యార్డును మోడల్ చేయడానికి ఏ పద్ధతి, ఏ టూల్ మంచిది?

యార్డులో సరుకు అమ్మకం మీద ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నామని, కోడ్ మొదలుపెట్టే ముందు మోడల్ ఎలా గీయాలని అడిగారు కదా.

డేటాబేస్ ఒక్కటే కావాలంటే 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) మోడల్, అంటే వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ చూపే బొమ్మ, చాలు. కానీ యార్డులో వస్తువులే కాదు, పనులూ ఉన్నాయి: బస్తాలు దిగడం, వేలం, కాంటా, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) రాయడం. రెండూ ఒకే బొమ్మలో కనబడాలి. అందుకే ఓపీఎం (ఆబ్జెక్ట్-ప్రాసెస్ మెథడాలజీ, అంటే వస్తువులనూ పనులనూ కలిపి గీసే పద్ధతి) నేర్చుకోమంటాను. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డోవ్ డోరి రూపొందించిన ఈ పద్ధతికి ఐఎస్‌ఓ 19450 ప్రమాణం ఉంది. ఇందులో వస్తువుకు దీర్ఘచతురస్రం, పనికి దీర్ఘవృత్తం. పని అనేది వస్తువును పుట్టిస్తుంది, వాడేస్తుంది లేదా దాని స్థితిని మారుస్తుంది. ఉదాహరణకు వేలం అనే పని మిర్చి లాట్‌ను 'ధర తేలనిది' నుంచి 'ధర తేలినది'గా మారుస్తుంది. కాంటా తక్‌పట్టీకి కావలసిన తూకాన్ని పుట్టిస్తుంది. వేలాన్ని విప్పి చూస్తే లోపలి చిన్న పనులు ఇంకో బొమ్మగా వస్తాయి.

నాకు బాగా నచ్చేది మరొకటి. గీసిన ప్రతి గీతకూ టూల్ ఒక మామూలు ఇంగ్లిష్ వాక్యం రాసిస్తుంది. దాన్ని తెలుగులో చెప్పి రైతునో, అడ్తిదారునో, హమాలీనో 'ఇట్లనే జరుగుతదా?' అని అడగండి. తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఓపీఎం గీయడానికి టూల్ అంటే, బ్రౌజర్‌లో నడిచే ఓపీక్లౌడ్. ఉద్యోగాల కోసం సిస్‌ఎంఎల్ (సిస్టమ్స్ మోడలింగ్ లాంగ్వేజ్ అనే మరో మోడలింగ్ భాష) కావాలంటే ఉచితంగా దొరికే పాపిరస్ అనే టూల్ ఉంది. అయితే సిస్‌ఎంఎల్ మొదటి వెర్షన్‌లోనే 9 రకాల డయాగ్రమ్‌లు, ఒక సెమిస్టర్‌లో అన్నీ పట్టుకోలేరు. బ్లాక్ డెఫినిషన్ (భాగాలు చూపేది), యాక్టివిటీ (పనుల వరుస చూపేది), స్టేట్ మెషీన్ (స్థితుల మార్పు చూపేది), ఈ మూడింటితో మొదలుపెట్టండి.