బీపీతో పాటు ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతున్నాయి?

మీ చెల్లికి గర్భం 34వ వారంలో బీపీ 150/100, ప్లేట్‌లెట్లు 2.1 లక్షల నుంచి 1.1 లక్షలకు వచ్చాయన్నారు. జ్వరం లేకుండా ఎందుకు తగ్గాయన్నది మీ టెన్షన్.

గర్భంతో ప్లేట్‌లెట్లు కాస్త తగ్గడం మామూలే. కానీ బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంటే విషయం వేరు, దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అందులో సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ ప్లేట్‌లెట్లు అతుక్కుని చిన్న గడ్డలు కడతాయి, అలా ఖర్చయిపోతాయి. అందుకే ఒక్క రిపోర్టు కాదు, వరుసగా ఎలా దిగుతోందో చూడాలి. లక్ష లోపుకు వస్తే, లివర్ ఎంజైములు పెరిగితే, ఎర్రకణాలు చిట్లుతుంటే, ఈ మూడూ కలిస్తే అది హెల్ప్ సిండ్రోమ్. పేరుకే హెల్ప్, చాలా ప్రమాదం.

ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్) 220 ఉంది, నార్మలే అని రాశారు. అక్కడ జాగ్రత్త! ల్యాబ్ కాగితం మీద రేంజ్ మామూలు మనుషులది. చివరి నెలల్లో అది సాధారణంగా 400 దాటి ఉంటుంది. ఈ సంఖ్య ఇవాళే డాక్టరుకు చూపించండి.

వెన్నులో మత్తు ఇవ్వాలన్నా ప్లేట్‌లెట్లు చూస్తారు, కాబట్టి తాజా రిపోర్టు దగ్గర ఉంచుకోండి. ఆస్పిరిన్ వాడుతుంటే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి (గ్యాస్ అనుకుంటారు చాలామంది), తగ్గని తలనొప్పి, చూపు మసక, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా ఆసుపత్రికి వెళ్లిపోండి. కాన్పయ్యాక కూడా ఒకటి రెండు రోజులు ప్లేట్‌లెట్లు ఇంకా దిగవచ్చు, పరీక్షలు మానొద్దు.