సమాధానం: సంతకం లేకపోతే 10 రోజులకి బిల్లు చట్టమైపోదా?

అమెరికాలో అధ్యక్షుడు 10 రోజుల్లో సంతకం పెట్టకుండా, తిప్పి పంపకుండా ఉంటే బిల్లు చట్టమవుతుందన్న మీ లెక్క సరిగ్గానే ఉంది, కానీ చూడాల్సింది అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌ని. బుధవారం బిల్లు అధ్యక్షుడికి చేరింది, ఆయన సంతకం పెట్టలేదు, శుక్రవారం కాంగ్రెస్ సెషన్ ముగించింది అని మీ ప్రశ్నలోనే ఉంది. అది పాకెట్ వీటో, అంటే సంతకం పెట్టకుండా, తిప్పి పంపకుండానే బిల్లుని ఆపేయడం. బిల్లు రద్దయినట్టే.

1. బిల్లు అందిన రోజునీ ఆదివారాలనీ వదిలేయండి. శనివారాలు, పండగ సెలవులు లెక్కలోకి వస్తాయి. అలా రెండో సోమవారం పదో రోజు.

2. అందరూ జారేది ఇక్కడే: గడువులోగా బిల్లు తిప్పి పంపాలంటే తీసుకునే సభ ఉండాలి. ఉంటే, సంతకం లేకుండానే చట్టం. సెషన్ ముగిసి సభ్యులు వెళ్లిపోతే కాదు. రాజ్యాంగం ఒకటో అధికరణం ఏడో సెక్షన్‌లో ఉన్న "వాయిదా" అంటే రెండేళ్ల కాంగ్రెస్ కాలం పూర్తిగా ముగియడం ఒక్కటే కాదని, మధ్యలో సెషన్ ముగిసినా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1929లో తేల్చింది. రెండు సభల్లో ఒకటైన సెనేట్ ఒక్కటే మూడు రోజులు విరామం తీసుకుంటే మాత్రం పాకెట్ వీటోకి చాలదు, అది 1938 తీర్పు.

3. "మూడింట రెండొంతుల ఓటుతో వీటోని దాటొచ్చు" అన్న జవాబు కూడా ఎంచుకోకండి. బిల్లు వెనక్కే రాలేదు, ఓటు దేనిమీద వేస్తారు? కొత్త బిల్లుగా రెండు సభల్లో మళ్లీ నెగ్గించుకోవాల్సిందే.