తోట అమ్మొద్దు, దానితోనే వడ్డీ కట్టించండి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని. మావారు సొంత టాటా ఏస్ నడుపుతారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా మామగారికి పక్షవాతం వచ్చినప్పుడు విశాఖలో థెరపీ చేయించాం. అది చూసినప్పటి నుంచి తానూ ఆక్యుపేషనల్ థెరపిస్టునే అవుతానంటోంది. పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీ ఏడాదికి ఫీజు లక్షా 60 వేలు, హాస్టల్‌కు 80 వేలు చెప్పింది. సుకన్య ఖాతాలో 4 లక్షల 10 వేలు ఉన్నాయి, నెలకు 2 వేలు కడుతున్నాం. నెలకు 5 వేల చొప్పున 2 లక్షల చీటీ, ఇంకా 14 నెలలుంది. 8 తులాల బంగారం, ఎకరం జీడితోట ఉన్నాయి. తోటను 9 లక్షలకు మా మరిది అడుగుతున్నారు. అమ్మేస్తే అప్పు లేకుండా చదివించవచ్చని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తోట అమ్మొద్దు. ఎందుకో చెప్పే ముందు కోర్సు గురించి రెండు మాటలు చెప్పాలి. మీ ఉత్తరం చివర్లో 'దీనికన్నా ఫిజియోథెరపీ మేలని అందరూ అంటున్నారు' అని రాశారు కదా.

మీ మామగారి విషయమే గుర్తు చేసుకోండి. కాలు కదిపించి నాలుగడుగులు వేయించింది ఫిజియోథెరపిస్టు అయి ఉంటారు. చొక్కా తొడుక్కునేటప్పుడు చచ్చుబడ్డ చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తియ్యాలి అని నేర్పింది, చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఆయన చేత్తో ఆయనే తినేలా చేసింది ఆక్యుపేషనల్ థెరపిస్టు. రెండూ వేర్వేరు డిగ్రీలు. ఆటిజం ఉన్న పిల్లలకు, చేతి ఆపరేషన్లు అయినవారికి, మానసిక వైద్యంలోనూ వీళ్ల పని ఉంటుంది. మన దేశంలో ఈ కోర్సు 1950లో ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. మన వైపు ఈ పేరు కొత్తగా వినిపిస్తుందే తప్ప కోర్సు కొత్తది కాదు. అమ్మాయి ఇంట్లో కళ్లారా చూసి ఎంచుకుంది కాబట్టి నేను అడ్డు చెప్పను.

డబ్బు కట్టే ముందు మాత్రం ఒకటి చూడాలి. చేరేది బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) డిగ్రీ అయి ఉండాలి, 'థెరపీ డిప్లొమా', 'రిహాబ్ సర్టిఫికెట్' లాంటివి కాదు. ఆ కాలేజీకి ఆలిండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్ గుర్తింపు ఉందా, యూనివర్సిటీ అఫిలియేషన్ ఏ సంవత్సరం దాకా ఉంది అని కాగితం చూపించమనండి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి ఈ వృత్తీ వస్తుంది. రేపు రిజిస్ట్రేషన్ దగ్గర గుర్తింపు ఉన్న డిగ్రీయే అడుగుతారు. మా అన్నయ్య కొడుకుని ఇలాగే ఒక పారామెడికల్ కోర్సులో చేర్పించాం. మూడేళ్ల ఫీజు కట్టాక తెలిసింది, ఆ సర్టిఫికెట్ ఎక్కడా చెల్లదని. ఆ రోజు కాగితం అడగడానికి మొహమాటపడింది నేనే.

ప్రైవేటు సీటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ప్రభుత్వ సంస్థల్లో ప్రయత్నించండి. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది, కోల్‌కతాలో చలన వైకల్యాల జాతీయ సంస్థ (ఎన్‌ఐఎల్‌డీ) ఉంది. రెండింటిలోనూ బీఓటీ ఉంది, రెండూ కేంద్ర సామాజిక న్యాయ శాఖవే. ఫీజు ప్రైవేటు కంటే తక్కువ. పైగా రెండూ మీ పలాస మీదుగా వెళ్లే హౌరా లైన్లోనే ఉన్నాయి. హైదరాబాద్ కంటే కటక్ మీకు దగ్గర! వెల్లూరు సీఎంసీలో కూడా ఈ కోర్సు ఉంది. జాతీయ సంస్థలకు విడిగా ఎంట్రన్స్ పెడుతూ వచ్చారు. అయినా అమ్మాయి చేత నీట్ కూడా రాయించండి. ఈ కోర్సులకు నీట్ అడిగే దిశగా నిబంధనలు మారుతున్నాయి. ఒక్క అప్లికేషన్ ఫీజు ఆదా చేయబోయి ఏడాది పోగొట్టుకోవద్దు.

సరే, ప్రైవేటు సీటే వచ్చిందనుకుని లెక్క వేద్దాం. నాలుగేళ్ల ఫీజు 6 లక్షల 40 వేలు. ఇంటర్న్‌షిప్ పాత లెక్కలో ఆరు నెలలే గానీ మీరు ఏడాది వేసుకోండి. అప్పుడు ఐదేళ్ల హాస్టల్ 4 లక్షలు. మొత్తం 10 లక్షల 40 వేలు.

మొదట సుకన్య. అమ్మాయి పది పాసైంది కాబట్టి చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. ఆ సగాన్ని కిందటి మార్చి 31 నాటి నిల్వ మీద లెక్క కడతారు. అందుకే ఏప్రిల్ 1 తర్వాత దరఖాస్తు పెట్టండి, ఈ ఏడాది వడ్డీ కూడా కలుస్తుంది. అడ్మిషన్ కాగితమో ఫీజు రసీదో అడుగుతారు. ఏడాదికి ఒకసారి చొప్పున ఐదేళ్ల వరకు విడతలుగా ఇస్తారు కాబట్టి 2 లక్షలూ ఒకేసారి తీయకుండా ఫీజు కట్టేటప్పుడల్లా 50 వేలు తీయండి. మిగిలింది 8.2 శాతం వడ్డీతో పెరుగుతూ ఉంటుంది. నెలనెలా కట్టే 2 వేలు ఆపొద్దు. 5వ తేదీలోపు కడితేనే ఆ నెల వడ్డీ వస్తుందని గుర్తుంచుకోండి.

తర్వాత విద్యా రుణం. బ్యాంకు 10 లక్షలు ఇస్తానన్నా 5 లక్షలు దాటొద్దు. నేను చూసేది బ్యాంకు ఎంత ఇస్తుందని కాదు, అమ్మాయి మొదటి జీతం ఎంత మోయగలదని. మొదట్లో 20 వేలే వస్తుందనుకోండి. 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే 5 లక్షలకు కిస్తీ 6,600 రూపాయలు. 10 లక్షలకైతే 13,200. విశాఖలో గది అద్దె కట్టాక ఆ పిల్ల ఏం తింటుంది?

ఇక తోట విషయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లను కూకటివేళ్లతో పెకిలించింది. మీరు 2019లో జీడి అంటు మొక్కలు నాటామన్నారు. జీడి అంటు మూడు నాలుగేళ్లకు కాపు పట్టినా, నిండు కాపుకు ఎనిమిది పదేళ్లు పడుతుంది. అంటే ఇన్నాళ్లూ ఎరువు వేసి, తుప్పలు కొట్టించి, నిండు కాపు మొదలయ్యే ఏడాదికి మరిది చేతిలో పెడుతున్నారు. ఆయన తెలివైనవారే, తప్పు పట్టను.

కిందటేడు మూడు బస్తాల పిక్కలు అమ్మితే ఖర్చులు పోను 25 వేలు మిగిలాయన్నారు. ఆ 25 వేలే మీకు ఆయుధం. విద్యా రుణానికి చదువు పూర్తయ్యాక ఏడాది దాకా కిస్తీ ఉండదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏటా లక్షా 25 వేల చొప్పున తీసుకున్నారనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ 12,500, రెండో ఏడాది 25 వేలు, మూడో ఏడాది 37,500, ఆపైన ఏటా 50 వేలు. కట్టకుండా వదిలేస్తే ఆరో ఏడాది చివరికి 5 లక్షలు కాస్తా 7 లక్షల 25 వేలై కూర్చుంటుంది. కిస్తీ 9,600 అవుతుంది. ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాదే కట్టేస్తే 6,600 దగ్గరే ఆగుతుంది. ఇలా కట్టేవారికి కొన్ని బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి కూడా, అడగండి. మొదటి రెండేళ్ల వడ్డీ మొత్తం పిక్కల డబ్బుతోనే తీరిపోతుంది.

సుకన్య 2 లక్షలు, రుణం 5 లక్షలు, చీటీ చివరిదాకా ఉంచితే కమీషన్ పోను లక్షా 90 వేలు. ఇంకా లక్షన్నర కావాలి, ఐదేళ్ల వడ్డీ లక్షా 75 వేలు. రెండూ కలిపి 3 లక్షల 25 వేలు. చీటీ అయ్యాక కోర్సు ముగిసేలోపు దాదాపు 50 నెలలుంటాయి. ఆ 5 వేలు అలాగే పక్కన పెడితే రెండున్నర లక్షలు, తోట మీద ఐదేళ్లకు లక్షా 25 వేలు. సరిపోయి ఓ 50 వేలు మిగులుతుంది. కాపు తగ్గిన ఏడాదికి అది ఉండాలి.

ఇబ్బంది మొదటి ఏడాదే. చీటీ చేతికి రాకముందే ఓ 50 వేలు తక్కువ పడతాయి. అలాగని చీటీ పాట పాడి తగ్గించుకోవద్దు. బ్యాంకులో ఒకటి రెండు నగలు పెట్టి తీసుకోండి, చీటీ రాగానే విడిపించండి. మిగతా బంగారం జోలికి వెళ్లొద్దు.

బ్యాంకులో తోట కాగితాలు అడిగితే ఇవ్వకండి. 4 లక్షల దాకా తనఖా అడగకూడదు. ఏడున్నర లక్షల దాకా రుణానికి తనఖా బదులు కేంద్రం గ్యారంటీ ఫండ్ ఉంది. 4 లక్షలు దాటితే 5 శాతం మార్జిన్ (మీ చేతి వాటా) మీరు పెట్టుకోవాలి, అంతే. కుటుంబ ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి ఉంచండి, వడ్డీ రాయితీ పథకాలకు కాలేజీ అర్హమైనదైతే అది కావాలి.

మీవారికి టర్మ్ ఇన్సూరెన్స్ లేదన్నారు. ఈ లెక్కంతా ఆయన రోజూ స్టీరింగ్ పట్టుకోవడం మీద నడుస్తోంది. రుణం సంతకం కంటే ముందు 25 లక్షలకు ఒక పాలసీ తీసుకోండి. డబ్బు వెనక్కి వచ్చే రకం కాదు, ఉత్త టర్మ్ పాలసీ.

విదేశాల మాట మీ తమ్ముడు ఎత్తారు. అమెరికాలో ఈ వృత్తికి మాస్టర్స్ స్థాయి చదువు, ఎన్‌బీసీఓటీ పరీక్ష కావాలి. ఇంగ్లండులో హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ కావాలి. అది డిగ్రీ చేతికొచ్చాక, ఆమె సంపాదనతో వేసుకోవలసిన లెక్క. ఆ ఆశతో ఇప్పుడు రుణం పెంచొద్దు.

మరిది గారికి లేదని మొహం మీద చెప్పడం కష్టమైతే, మేలో పిక్కలు ఏరడం అయ్యాక మాట్లాడదాం అనండి. ఈసారి ఎన్ని బస్తాలు వచ్చాయో చూశాక మీవారే వద్దంటారు.