చెక్క భరిణె, రెజిన్ మూత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటి దగ్గరే చిన్న పనిగది పెట్టుకుని, చెక్కతో నగల పెట్టెలూ కుంకుమ భరిణెలూ చేసి, వాటికి రెజిన్ (హార్డెనర్ అనే మరో ద్రవం కలిపి పోస్తే గట్టిపడే ద్రవం) మూతలు పోస్తున్న పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. చెక్కనూ రెజిన్‌నూ ఒకచోట చేర్చే ప్రతివారూ ముందుగా తెలుసుకోవలసిన సంగతి అందులో ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి షికాగోలో కాపురం ఉంటోంది. కిందటి శ్రావణంలో నేనే టేకుతో ఒక నగల పెట్టె చేశాను. మూత వెడల్పు 200 మిల్లీమీటర్లు. దాని మధ్య 40 మిల్లీమీటర్ల మేర నీలిరంగు ఎపాక్సీ రెజిన్ ఏటి పాయలా పోశాను. మూత వంగకూడదని అడుగున రెండు అడ్డపట్టీలు ఫెవికాల్‌తో గట్టిగా అతికించాను. జనవరిలో మూత రెజిన్ పక్కనే నిలువునా చీలిందని అమ్మాయి ఫోటో పంపింది. నాసిరకం రెజిన్ వల్లనే ఇలా జరిగిందా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: రెజిన్ తప్పేమీ లేదండీ. మూతను చీల్చినవి ఆ అడ్డపట్టీలే. చెట్టు కొట్టి ఎన్నేళ్లయినా చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటూ వదులుతూనే ఉంటుంది. తేమ పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు కుంచించుకుంటుంది. ఈ కదలిక నార పొడవునా దాదాపు ఉండదు. నారకు అడ్డంగానే ఉంటుంది. టేకు మిగతా చెక్కల కంటే నిలకడైనదే అయినా, పచ్చి కర్ర పూర్తిగా ఆరేసరికి చెట్టు వయసు వలయాల వెంబడి సుమారు 5 శాతం, వలయాలకు అడ్డంగా అందులో సగం తగ్గుతుంది. శ్రావణ మాసపు కాకినాడ గాలిలో చెక్కలో తేమ 15 శాతం దాకా నిలుస్తుంది. చలికాలంలో హీటర్లు వేసుకున్న షికాగో ఇంట్లో అదే చెక్క నెల రెండు నెలల్లో 6, 7 శాతానికి ఎండిపోతుంది. మీ మూతలో చెక్క భాగం 160 మిల్లీమీటర్లు కాబట్టి, ఈ తేడాకు అది రెండు మిల్లీమీటర్లకు పైగా కుంచించుకోవాలి. అడ్డపట్టీల నార మూత నారకు అడ్డంగా ఉన్నందువల్ల వాటి పొడవు తగ్గలేదు, మూతను తగ్గనివ్వలేదు. లాగుడు ఎక్కడో ఒకచోట తెగాలి కనుక రెజిన్ అంచు దగ్గర నార వెంబడి తెగింది. రెజిన్ పాయ నార వెంబడే సాగింది కాబట్టి దానివల్ల చెక్క కదలికకు అడ్డు రాలేదు; పట్టీలు లేకపోయి ఉంటే రెండు వైపులా చెక్క ఎవరి దారిన అది తగ్గి ఊరుకునేది.

మరమ్మతు విషయంలో ఒక హెచ్చరిక. ఆ మూతను మీ ఊరికి తెప్పించి చీలికను రెజిన్‌తోనో రంపపు పొట్టు కలిపిన జిగురుతోనో పూడ్చవద్దు. మన తేమకు చెక్క ఉబ్బి చీలిక మూసుకున్నట్టే కనిపిస్తుంది, కానీ పట్టీలు అలాగే ఉంటే వచ్చే జనవరికి మళ్లీ తెరుచుకుంటుంది. ముందు పట్టీలను చిత్రిక పట్టి పూర్తిగా తీసివేయండి. పట్టు వదిలాక చీలిక అంచులు తమంతట తాము దగ్గరకు వస్తాయి. అప్పుడు పలుచగా జిగురు పూసి క్లాంపులతో ఒక రోజు బిగించి ఉంచండి. పట్టీలు మళ్లీ కావాలనిపిస్తే జిగురు వాడకుండా, మధ్యలో ఒక్క మర మాత్రం గట్టిగా బిగించి, రెండు చివర్లా మర కదలడానికి వీలుగా పొడవాటి రంధ్రాలు తొలిచి వదులుగా బిగించండి. పాత తలుపులు చేసిన వడ్రంగులు పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదిలేసింది ఈ కారణంతోనే.

దూరదేశం పంపే పెట్టెలకు నేను ఇష్టపడే పద్ధతి కూడా ఆ పాత తలుపు పద్ధతే. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న నాలుగు కర్రలతో, మూలలు 45 డిగ్రీల కోణంలో కోసి చట్రం చేసి, దాని లోపలి అంచున 5 మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం రెజిన్ పలకను అందులో అతికించకుండా కూర్చోబెట్టాలి. చట్రం కర్రలు సన్నవి కాబట్టి వాటి కదలిక లెక్కలోకి రాదు, రెజిన్ పలకకు ఎటూ లాగుడు ఉండదు. మూల అతుకు ఒక్కటే ఈ చట్రానికి బలహీనమైన చోటు. అక్కడ రంపంతో సన్నని గాటు పెట్టి, అందులో వేరే రంగు చెక్క బద్దను జిగురుతో దించితే బలమూ వస్తుంది, చూడడానికీ బాగుంటుంది. పెట్టె అడుగుకు కూడా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఇలాగే గాడిలో పెట్టడం మంచిది.

చెక్క ఎంపిక గురించి కూడా మీరు ఒక వాక్యంలో అడిగారు. కోత మిల్లులో కొత్తగా కోసిన టేకు కంటే, పడగొట్టిన పాత ఇంటి గుమ్మం ముక్క నూరు రెట్లు నయం. అది దశాబ్దాల ఎండకూ వానకూ ఓర్చి స్థిరపడిన చేవ. రంపం పెట్టే ముందు అయస్కాంతంతో తడిమి లోపల మేకులు లేవని నిర్ధారించుకోండి. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్క పిడతలు చేసే అంకుడు కర్ర తేలిగ్గా పని ఇస్తాయి గానీ, పొణికి చాలా మెత్తన, రెజిన్‌ను విపరీతంగా పీల్చేస్తుంది. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవకగా ఇస్తామంటే మాత్రం తీసుకోవద్దు. సరైన అనుమతి పత్రాలు లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం.

ప్రశ్న: మే నెల మధ్యాహ్నం మామిడి చెక్క మూత మీద పోయడానికి 300 గ్రాముల రెజిన్ ఒకేసారి కలిపాను. సగం పోసేలోగా గిన్నెలోది పొగలు కక్కి గట్టిపడింది. మూత మీద పోసినది నిండా బుడగలే. ఏమి చేయాలి? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడిని పుట్టిస్తుంది. పలుచగా పరిచినప్పుడు ఆ వేడి గాలిలోకి పోతుంది. గిన్నెలో ముద్దగా ఉన్నప్పుడు పోయే దారి లేక, వేడి వల్ల చర్య ఇంకా వేగిరపడి, దానివల్ల వేడి ఇంకా పెరిగి చివరికి పొగ వస్తుంది. గాలి వేడిమి పది డిగ్రీలు పెరిగితే కలిపిన రెజిన్ పనికివచ్చే సమయం సుమారు సగానికి పడిపోతుందని గుర్తుంచుకోండి. డబ్బా మీద 25 డిగ్రీల వద్ద 40 నిమిషాలని రాసి ఉంటే, మీ ఊరి మే నెల మధ్యాహ్నం అది పావుగంటకు అటూ ఇటూ మాత్రమే. అందువల్ల వేసవిలో ఒక విడతకు 100 గ్రాములకు మించి కలపకుండా, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి వంచుకుని పని చేయండి. పైపూతకు అమ్మే రెజిన్ ఒక పొర 3 నుంచి 6 మిల్లీమీటర్లకు మించకూడదు. అంతకంటే లోతు కావాలంటే లోతు పోతకోసం ప్రత్యేకంగా చేసిన, నెమ్మదిగా గట్టిపడే రకం కొనాలి. పొగ వస్తున్న గిన్నెను చేత్తో పట్టుకోకుండా ఆరుబయట సిమెంటు నేల మీద వదిలేయండి.

ఇక బుడగలలో ఎక్కువ భాగం మీరు కలిపినప్పుడు వచ్చినవి కావు, చెక్క లోపలి నుంచి వచ్చినవి. మామిడి చెక్కకు రంధ్రాలు పెద్దవి, వాటి నిండా గాలి ఉంటుంది. చెక్క వేడెక్కుతున్నకొద్దీ ఆ గాలి వ్యాకోచించి పైకి వస్తుంది. ఇందుకు రెండు పనులు చేయాలి. మొదట అదే రెజిన్‌ను కుంచెతో చెక్క అంతటా పలుచగా పూసి, అది వేలికి కొద్దిగా జిగటగా తగిలే దశకు వచ్చాక అసలు పోత పోయాలి. రెండవది, పోతను సాయంత్రం, వేడిమి తగ్గుముఖం పట్టాక చేయాలి. చల్లబడుతున్న చెక్క గాలిని బయటకు నెట్టదు, లోపలికే పీల్చుకుంటుంది. పైకి తేలిన బుడగల మీదుగా హెయిర్ డ్రయ్యర్‌ను ఒకచోట నిలపకుండా ఒకటి రెండుసార్లు జరిపితే చాలు. ఇప్పటికే పాడైన మూతను పారేయనక్కరలేదు: 120 నంబరు గరుకు కాగితంతో పై పొర నునుపు చేసి, బుడగలు తెరుచుకున్న గుంటలను పళ్లు తోముకునే బ్రష్‌తో శుభ్రం చేసి, మరో పలుచని పొర పోయండి.

ప్రశ్న: వానాకాలంలో పోసిన మూత ఐదు రోజులైనా వేలికి అంటుకుంటోంది. తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ కాస్త ఎక్కువే వేశాను. (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: ఎక్కువ వేయడమే కారణం. ఫైబర్ గ్లాస్ పనివారు వాడే పాలియెస్టర్ రెజిన్‌కు ఉత్ప్రేరకం చుక్కల లెక్కన వేస్తారు, కాస్త పెంచితే వేగం పెరుగుతుంది. ఆ అలవాటు ఎపాక్సీకి పనికిరాదు. ఎపాక్సీలో రెజిన్ అణువులు హార్డెనర్ అణువులతో జతకడతాయి. ఏది మిగిలిపోయినా అది జత దొరకక మెత్తగానే ఉండిపోతుంది. డబ్బా మీద ఉన్న పాళ్లు కొలతకా తూకానికా అన్నది చూడండి, ఎందుకంటే రెండు ద్రవాల సాంద్రత ఒకటి కాదు. కొలత పాళ్లను తూకానికి వాడితే అదీ తప్పే. గ్రాము తేడా చూపే చిన్న తూకం కొనుక్కోండి. కనీసం మూడు నిమిషాలు నెమ్మదిగా, గిన్నె అడుగూ అంచులూ గీకుతూ కలపండి. జిగట పొరను రేకుతో గీకి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టి భాగాన్ని గరుకు చేసి, సరైన పాళ్లతో మళ్లీ పోయవలసిందే. ఎండలో పెట్టినా అది ఇక గట్టిపడదు. మీ మూత గట్టిగానే ఉండి పైన మాత్రం మైనంలా జిడ్డు ఉంటే అది వేరే సంగతి: తేమ గాలికి హార్డెనర్ పైకి తేలి ఏర్పడే పొర అది, గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోతుంది.

ప్రశ్న: నా పెళ్లి దండలోని మల్లెలను కుంకుమ భరిణె మూతలో పెట్టి రెజిన్ పోశాను. వారానికే గోధుమరంగుకు తిరిగాయి. కొంచెం కుంకుమ కూడా చల్లాను, దాని ఎరుపు వెలిసిపోతోంది. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, ఆ దండ మళ్లీ రాదు. పువ్వులో మిగిలిన తడే దాన్ని రెజిన్ లోపల కుళ్లబెడుతుంది. దండలో ఇంకా పువ్వులు మిగిలి ఉంటే వాటిని సిలికా జెల్ పూసల మధ్య గాలి చొరని డబ్బాలో వారం పది రోజులు ఉంచండి. రేకు విరిస్తే పుటుక్కున విరగాలి. అయినా నిజం చెప్పాలి: మల్లె రేకు పలుచన, ఎంత ఆరబెట్టినా దాని తెలుపు నిలవదు, రెజిన్ తగలగానే గాజులా పారదర్శకమై పసుపు తేరుతుంది. దండలో చామంతులు ఉంటే వాటి రేకలు నిలుస్తాయి. అన్నిటికంటే బాగా నిలిచేది బొగడబంతి. అది సహజంగానే కాగితంలా పొడిగా ఉంటుంది, ఊదారంగు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మల్లెల బదులు దండ కట్టిన దారాన్నీ జరీ పోగులనూ పొదిగి, చుట్టూ బొగడబంతులు అమర్చమని నా సలహా. పోత రెండు పొరలుగా పోయండి: సగం మందం పోసి, అది జిగటగా ఉన్నప్పుడు పువ్వులు అమర్చి, తర్వాత మిగతా సగం పోస్తే అవి తేలిపోవు. ఇక అసలైన కుంకుమ పసుపుతో చేసినది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు, రెజిన్ దాన్ని కాపాడలేదు. ఎరుపు కావాలంటే రెజిన్ కోసం అమ్మే ఖనిజపు రంగు పొడి వాడి, కుంకుమను భరిణె లోపలే ఉంచండి.

ప్రశ్న: అపార్టుమెంటులో మూడేళ్ల పాప ఉన్న ఇల్లు. బాల్కనీలో ఈ పని చేయవచ్చా? వాసన లేదని డబ్బా మీద ఉంది. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: వాసన లేకపోవడం హాని లేకపోవడం కాదు. ఎపాక్సీ వల్ల అన్నిటికంటే పెద్ద ప్రమాదం చర్మానికి: పచ్చి రెజిన్, ముఖ్యంగా హార్డెనర్, పదే పదే తగిలితే ఒక రోజున శరీరం దానికి ఎలర్జీ తెచ్చుకుంటుంది, ఆ తర్వాత జీవితాంతం చిన్న చుక్క తగిలినా దద్దుర్లు వస్తాయి. నైట్రైల్ చేతితొడుగులు వేసుకోండి. చర్మానికి అంటితే థిన్నరుతో తుడవకుండా సబ్బు నీళ్లతోనే కడగండి, ఎందుకంటే థిన్నరు దాన్ని చర్మంలోకి ఇంకా లోతుగా తీసుకుపోతుంది. పోసిన మూతను నునుపు చేయడానికి కనీసం ఏడు రోజులు ఆగండి. సగం గట్టిపడిన రెజిన్ ధూళి ఊపిరితిత్తులకు మరింత చెడ్డది. వీలైతే తడి పెట్టి, నీటికి తట్టుకునే కాగితంతో రుద్దండి, అప్పుడు ధూళి లేవదు. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మీ బాల్కనీకి పాప పడకగది కిటికీ ఆనుకుని ఉంటే అక్కడ పోయవద్దని గట్టిగా చెబుతున్నాను; మేడ మీద చోటు అడిగి తీసుకోండి. చెక్కకు అవిసె నూనె పూసిన గుడ్డలను కుప్పగా పడేయవద్దు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరవేసి, ఆరాకే పారేయండి.

ప్రశ్న: కారులో ఒక పూట ఉంచిన రెజిన్ మూత సొట్టపోయింది. బాగవుతుందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: బాగవుతుంది. ఇళ్లలో వాడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి, ఎండలో మూసి ఉంచిన కారు ఆ వేడికి సులువుగా చేరుతుంది. మూతను చట్రం నుంచి విడదీసి, హెయిర్ డ్రయ్యర్‌తో రెండు వైపులా సమంగా వెచ్చబెట్టి, వంగేంత మెత్తబడ్డాక రెండు గాజు పలకల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, పూర్తిగా చల్లారేదాకా కదపకండి. పూజగదిలో పెట్టే భరిణె అయితే దీపానికి కనీసం ఒక మూర దూరంలో ఉంచండి.